కాకి లేని దేశానికి టికెట్టు

“గయానా అన్నాను. గయ అనలేదు.”

“అది నాకెందుకు చెప్తావు? నా చెవులు బాగనే ఉండాయి. వరండాలో కూర్చోనుండే మీ అమ్మకి చెప్పు.”

స్నానాల గది తలుపుకి ఇవతల నేత్ర, అవతల ఆమె మొగుడు మోహన్. మధ్యలో గొళ్ళెం. నాలుగు చెంబులు పోసుకుందామని లోపలికి వెళ్ళినవాడు, వరండాలో పిల్లప్ప గొంతు వినబడగానే బయటికి రావడం మానేశాడు. నీళ్ళు అయిపోయాయి. ఒళ్ళు ఆరిపోయింది. ఇప్పుడు తువ్వాలు చుట్టుకుని, బకెట్టు బోర్లించి దానిమీద కూర్చున్నాడు.

“పిల్లప్ప మామ ఏం తెచ్చినాడు?”

“బియ్యం. పోయిన వాళ్ళింటామె సొన్నమ్మ పేరు చెప్పి పొయ్యాలంట. ఆయన ఎనకాల లైనంతా వస్తాఉండాది. నువ్వు బకెట్టు మీద కూర్చోని తపస్సు చెయ్యి.”

“రెండు నిమిషాల్లో వచ్చి చెప్పేస్తాను.”

“పోయిన ఆదివారం నుంచి ఆ రెండు నిమిషాలే నడస్తాఉండాయి.”

పోయిన ఆదివారం జరిగింది ఇంతే. మోహన్ ఫోన్లో ఒక స్నేహితుడితో, ‘గయానా టికెట్టు ఖాయమైపోయినాది, పై వారం గురువారం ప్రయాణం’ అన్నాడు. పక్కనే చేటలో బియ్యం ఏరుతున్న తల్లి మునిలక్ష్మమ్మకి కుడిచెవి ఎప్పుడో రిటైరైంది. ఎడమచెవి పార్ట్‌టైము. ఆ పార్ట్‌టైము చెవిలో గయ పడింది, మిగతాది రాలిపోయింది. ఆమె చేట పక్కన పెట్టి లేచి, గోడమీద భర్త నంజుండప్ప ఫొటో ముందుకి వెళ్ళి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ భర్త పోయిన రోజు కూడా ఏడవని మనిషి.

“అమ్మా, అది...” అని మోహన్ నోరు తెరిచాడు.

“నేను నోరు తెరిచి అడక్కముందే, నీ అంతట నువ్వే అనుకున్నావే అప్పా,” అంది ఆమె వెనక్కి తిరిగి.

తెరిచిన నోరు మూతపడింది. గయానాలో ‘గయ’ తల్లి చెవిన పడితే, మిగిలిన ‘ఆన’ కొడుకు గొంతులో అడ్డం పడింది. ఆన అంటే ఒట్టు. నోరు మూసుకోవడం కూడా ఒక రకం దొంగ ఒట్టేనని తెలిసినవాడు కనక, మోహన్ ఆ రోజునుంచి అన్నం సగమే తింటున్నాడు. మిగిలిన సగం తప్పే కడుపు నింపుతోంది.

అతనికి పక్షివాతం. పక్షవాతం కాదు, దానికైతే తైలమన్నా ఉంది. కోలారు దగ్గర నరసాపురంలో మోటారు బండ్ల ఫ్యాక్టరీలో కొనుగోళ్ళ సెక్షను ఉద్యోగం. వారంలో ఆరు రోజులు కంపెనీ బస్సు కిటికీలోంచి, ఏడోరోజు బైనాక్యులర్లోంచి లోకాన్ని చూస్తాడు. బేతమంగళం చెరువులో కొంగలైపోయాయి, బంగారు గని పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బల వెనక ముళ్ళకంపల్లో పిచ్చుకలైపోయాయి. ఇంక మిగిలింది దక్షిణ అమెరికా. అక్కడ గయానా అని ఒక దేశం, దేశమంతా అడవి, అడవంతా పిట్టలు.

అంత దూరానికి డబ్బుందా అంటే లేదు. పాయింట్లున్నాయి.

గని మూతపడ్డాక, కూలీలకి వరసగా కట్టిన ఆ లైను ఇళ్ళలో క్రెడిట్ కార్డు ఉన్నవాడు మోహన్ ఒక్కడే. ఎవరు ఫ్రిజ్జు కొన్నా, ఎవరి పిల్లకి కాలేజీ ఫీజు కట్టాలన్నా, ఎవర్ని ఆస్పత్రిలో చేర్చినా, ‘మోహనా, నీ కార్డు గీకప్పా’ అనేవారు. అతను గీకేవాడు. వాళ్ళు నెలనెలా తెచ్చి ఇచ్చేవారు. ఉపకారమే. వడ్డీ లేదు, కమీషను లేదు, ఎవరింట్లోనూ ఆ పేరుతో కాఫీ కూడా తాగలేదు. కానీ గీకినప్పుడల్లా బ్యాంకువాడు అతని పేరున పాయింట్లు వేస్తూ పోయాడు. ఒకరి ఫ్రిజ్జు చల్లదనం, ఒకరి పిల్ల చదువు, ఇంకొకరి రోగం, అన్నీ కలిసి అతనికి రెక్కలయ్యాయి. ఈ నెలాఖరులోగా ఎగరకపోతే ఆ రెక్కలు ఊడిపోతాయి. వాటిని లాయల్టీ పాయింట్లంటారు. ఎవరికి ఎవరిమీద లాయల్టీ అన్నది బ్యాంకువాడు చెప్పడు.

గొళ్ళెం తీసిన చప్పుడైంది.

“చొక్కా తొడుక్కోని పో,” అంది నేత్ర. “అబద్ధానికి గుడ్డలుండవు గానీ నీకన్నా ఉండనీ.”

*

వరండాలో మునిలక్ష్మమ్మ నంజుండప్ప తలగుడ్డని నేలమీద పరిచి కూర్చుంది. దానిమీద ఒక్క గుప్పెడు బియ్యం. పక్కన పిల్లప్ప, మోకాళ్ళు చేతులతో చుట్టుకుని.

“గంగాస్నానం అయిందాప్పా?” అన్నాడు పిల్లప్ప. “ఇంతసేపు గయలో గూడా పోసుకోరు.”

మోహన్ నవ్వబోయాడు. మొహం ఒప్పుకోలేదు.

“పేరు గుర్తుండాదా? చెప్పు చూద్దాం.”

“సొన్నమ్మ.”

“ఉత్త సొన్నమ్మ కాదు. కోలారు జిల్లాలో సొన్నమ్మ అని పిలిస్తే ఎంతమంది లేచి వస్తారో. పిల్లప్ప సొన్నమ్మ అని చెప్పాల. ఆమెకి క్యూలో నిలబడేదంటే సరిపడదు.”

ఈ లైన్లలో అదొక పద్ధతి. ఎవరైనా గయకి పోతుంటే ఇంటికో గుప్పెడు బియ్యం తెచ్చి ఒకే గుడ్డలో పోస్తారు. పోసేటప్పుడు పోయినవాళ్ళ పేరు చెబుతారు. పోయేవాడు అక్కడ ఆ బియ్యం వండి, పిండాలు చేసి, పేర్లన్నీ చదవాలి. చిత్తూరు వైపు పల్లెలనుంచి గని పనికి వచ్చిన తాతలు కట్టుకున్న ఏర్పాటు. ఒక్కొక్కరూ గయకి పోయే స్తోమత లేక, ఒకడి చేతిమీద అందరూ. ఒక్కటే నియమం. పోసిన గుప్పెడు వెనక్కి తీసుకోకూడదు. గడప దాటిన ఆ బియ్యం మళ్ళీ గడప తొక్కకూడదు.

అందులోనూ అది పితృపక్షం. లైనంతా పితరుల పక్షం. మోహన్ ఒక్కడు పక్షుల పక్షం.

వరండా మెట్టుమీద అతను కొత్తగా కొనుక్కున్న రబ్బరు బూట్లు ఎండలో ఉన్నాయి. అడవి బురదకి కొన్నవి. మునిలక్ష్మమ్మ వాటిని కడిగి, తుడిచి, మడమలు గోడకి ఆనించి పెట్టింది.

“కొత్తవి కదమ్మా, కడిగేది ఎందుకు?”

“అంగడిలో ఎవురు తొక్కినారో ఏమో. గయకి పొయ్యే బూట్లు.” ఆమె వాటివైపు చూసి కాస్త నవ్వింది. “షిఫ్టుకి పొయ్యేటప్పుడు మీ నాయన ఇట్లాటివే తొడుక్కునేవాడు. నీ కాలు గూడా ఆయన కాలే.”

మోహన్ తన కాళ్ళని లుంగీలోకి ముడుచుకున్నాడు.

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. ఫొటో కింది మేకునుంచి ఏదో తీసుకుని వచ్చి కొడుకు అరచేతిలో పెట్టింది. ఇత్తడి బిళ్ళ. అంకెలు సగం అరిగిపోయాయి.

“ఇది గూడా తీసుకుపో.”

గనిలోకి దిగేవాడు పైన కిటికీలో టోకెను తీసుకుని దిగాలి. షిఫ్టు అయ్యాక పైకొచ్చి అదే కిటికీలో ఇవ్వాలి. ఇవ్వకపోతే వాడింకా కిందనే ఉన్నట్టు లెక్క. టోకెన్లు తగిలించే పలకమీద మేకు ఖాళీగా కనబడితే వెతకడానికి మనుషుల్ని దింపేవారు. గని మూసిన రోజు నంజుండప్ప టోకెను తిరిగి ఇవ్వలేదు. ‘పనిలోకి పిలిచినోడే వచ్చి అడగనీ, ఇస్తాను’ అని జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు. ఎవరూ వచ్చి అడగలేదు. గని దుమ్ము నిండిన ఊపిరితో కొన్నేళ్ళు దగ్గి, దగ్గడం మానేశాడు. పదోరోజు పిండం పెడితే కాకి ముట్టలేదు. గోడమీద వాలింది, చూసింది, పోయింది. చివరికి దర్భతో కాకిని కట్టి ముట్టించారు.

“గడ్డికాకి ముట్టినాది లెక్కే కాదు,” అంది మునిలక్ష్మమ్మ. “నిజం కాకి ఎట్లొస్తాది? టోకెను ఇయ్యని మనిషి పైకి వచ్చినట్టు యాడుండాది? మీ నాయన ఇంగా కిందనే ఉండాడు. కాకి పైన ఎతుకుతా ఉంటాది.”

పిల్లప్ప తల ఊపాడు. గనిలో పనిచేసినవాడికి ఇందులో వింతేం కనబడలేదు.

“అక్కడ ఏరు ఉండాదంట కదా. దాంట్లో వదిలెయ్యి. ‘నంజుండప్ప పైకొచ్చినాడు, టోకెను తీసుకోండి’ అని గట్టిగా చెప్పు. అంతే అప్పా. నాకు ఇంగేం వద్దు.”

మోహన్ గుప్పిట మూశాడు. అమ్మ టోకెను ఇస్తోంది, కొడుకు టోకరా ఇస్తున్నాడు. ఇత్తడి చల్లగా ఉంది. చెయ్యే వేడిగా ఉంది.

*

పక్కింటి ఆగ్నెస్ చర్చినుంచి నేరుగా వచ్చింది. తలమీద ముసుగు ఇంకా తియ్యలేదు. చేతిరుమాల్లో బియ్యం ముడి.

“అక్కా, మావోళ్ళు గూడా బియ్యం పొయ్యొచ్చునా?”

మునిలక్ష్మమ్మ ఎడమచెవి ఆమె వైపు తిప్పింది. ఆగ్నెస్ మళ్ళీ అడిగింది.

“మీ ఆయన అమోసు, మా ఆయన ఒకే కేజిలో, ఒకే ఇనప బోనులో గనిలోకి దిగినారు,” అంది మునిలక్ష్మమ్మ. “దుమ్ము ఇద్దర్నీ మతం అడిగి లోపలికి పోయిందా? నువ్వూ పొయ్యి.”

“ఫాదరుకి తెలిస్తే తిడతాడు.” ఆగ్నెస్ ముడి విప్పి బియ్యం పోసింది. “పైన గూడా పక్కపక్కన ఉండనీ అని. మోహనా, ఉత్త అమోసు అని చెప్పప్పా. ఎవరని అడిగితే నంజుండప్ప ఫ్రెండు అని చెప్పు.”

“అమోసుకి రెండు టికెట్లు అయితాఉండాయే,” అన్నాడు పిల్లప్ప. “అటు పరలోకం, ఇటు స్వర్గం.”

“ఏదో ఒకదాంట్లో సీటు దొరకనీ అన్నా. ఆస్పత్రిలో బెడ్డు దొరికేదానికే అంత కష్టమాయె.” ఆమె మోహన్ వైపు తిరిగింది. “ఈ పిల్లోడు లేకపోతే అదీ లేదు. ‘ముందు గీకుదాం, తర్వాత మాట్లాడుకుందాం ఆంటీ’ అన్నాడు. ఆ బాకీ ఇడ్లీలమ్మి తీర్చినాను గానీ, ఆ మాట బాకీ తీరలేదు.”

మోహన్ లేచి నిలబడ్డాడు. “నీళ్ళు తాగి వస్తాను” అని వంటింట్లోకి నడిచాడు.

వంటింట్లో నేత్ర పొయ్యి ముందు నిలబడి ఉంది. వెనక్కి తిరగలేదు.

“ఇన్నావా?”

“ఇన్నాను.”

“ఆ పాయింట్లల్లో పెద్ద ముద్ద యాడినుంచి వచ్చినాదో నీకు తెలుసు.”

“ఆంటీకి నష్టమేముండాది? ఆమె కట్టింది ఆస్పత్రికి ఎట్లయినా కట్టాల్సిందే. పాయింట్లు గాల్లోంచి వచ్చినాయి.”

“అమోసన్నకి చాలకుండా పోయినాది గూడా గాలే.”

పొయ్యిమీద పప్పు ఉడుకుతోంది. మోహన్ కుడి గుప్పిట విప్పకుండా, ఎడంచేత్తో గ్లాసులో నీళ్ళు వంచుకున్నాడు. తాగలేదు.

“అవే పాయింట్లతో మీ అమ్మ, నువ్వు, ఇంగా ఇద్దరు గయకి పోవచ్చు,” అంది నేత్ర. “నీ ఫోన్లోనే చూసినాను.”

“నాకు యాభై వస్తాఉండాది నేత్రా. ఒక్కసారి. పుట్టినప్పటినుంచి ఈ దిబ్బలే చూస్తా ఉండాను.”

“పోవద్దని నేనంటినా? చెప్పి పో. చెప్పి పోతే ప్రయాణం, చెప్పకుండా పోతే పారిపొయ్యేది.”

మోహన్ గ్లాసు కింద పెట్టాడు. వారమంతా లోపల దాచుకున్న ఏర్పాటుని మెల్లగా బయటికి తీశాడు.

“బియ్యం, టోకెను నాతో తీసుకుపోతాను. అక్కడ గూడా పెద్ద నది ఉండాది. దాంట్లో వదిలేస్తాను, పేర్లన్నీ చెప్తాను. యాడైనా నీళ్ళు నీళ్ళే కదా.”

నేత్ర పొయ్యి ఆర్పేసింది. గరిటె కడిగి బోర్లించింది. తర్వాత మొగుడి మొహంలోకి చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త ఆకలైనా వేసేది.

*

అతను బయటికి వచ్చేసరికి వరండా నిండిపోయింది. తలగుడ్డమీద బియ్యం కుప్ప పెరిగింది. సోనామసూరి, రేషను బియ్యం, ఎవరివో ఉప్పుడు బియ్యం, అన్నీ కలిసిపోయాయి. నరసింహప్ప తన తమ్ముడి పేరు చెప్పి పోస్తున్నాడు. తమ్ముడి పేరుతో ఆగకుండా, వాడు ఎలా క్యారమ్స్ ఆడేవాడో కూడా చెబుతున్నాడు. అక్కడ చెప్పాల్సింది పేరొక్కటేనని పిల్లప్ప గుర్తు చేస్తున్నాడు.

చివర్లో చిన్నవెంకటమ్మ వచ్చింది. పక్క వరస ఇళ్ళలో ఒంటరిగా ఉండే ముసలావిడ. గుప్పెడు బియ్యం పోసి, చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చుంది.

“పేరు చెప్పు చిన్నవెంకటమ్మా,” అంది మునిలక్ష్మమ్మ.

“పేరు లేదక్కా. నా కొడుకు. పేరు పెట్టకముందే పోయినాడు కదా.” ఆమె మోహన్ వైపు తలెత్తింది. “ఏమని చెప్తావప్పా? నువ్వే ఏదన్నా పేరు పెట్టి చెప్పు. గయలో పెట్టిన పేరు నిలస్తాది.”

అప్పటిదాకా మోహన్ అందరి పేర్లకీ తల ఊపుతూ వచ్చాడు. పేరు లేని ఆ ఒక్కడి దగ్గర తల ఆగిపోయింది.

“నేను చెప్పలేను చిన్నమ్మా.”

“పేరు పెట్టేది రాదా? ఏదో ఒకటి...”

“అది కాదు. నేను పొయ్యేది గయకి కాదు.”

నరసింహప్ప చేతులు దులుపుకోవడం ఆపాడు.

“గయకి కాకపోతే కాశీకా?” అన్నాడు పిల్లప్ప.

“గయానా.”

“నన్నడుగుతావేమప్పా, గయానా అని? పొయ్యేవాడివి నువ్వు. నువ్వే చెప్పాల.”

“అడగలేదు మామా. ఆ ఊరి పేరే గయానా.”

మునిలక్ష్మమ్మ ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూస్తోంది. “ఏమంటాడు? గట్టిగా చెప్పు. ఈ పక్క నుంచి చెప్పు,” అని ఎడమచెవి మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుంది.

చెవిలో గుసగుసగా చెప్పుకోవాల్సిన తప్పుని మోహన్ అరిచి చెప్పుకోవాల్సి వచ్చింది. ఎదురు వరసలో బట్టలు ఆరేస్తున్న ఆడవాళ్ళు కూడా చేతులు ఆపి విన్నారు.

“గయ కాదమ్మా. గయానా. వేరే దేశం. సముద్రాలకి అవతల, దక్షిణ అమెరికాలో. ఆ పొద్దు ఫోన్లో నేను గయానా అన్నాను, నీకు గయ అని ఇనబడింది. నువ్వు ఏడ్చినావు. నేను చెప్పలేకపోయినాను.”

“ఆడ ఏముండాది?”

“అడివి.”

“అడివిలో?”

“పిట్టలు.”

పిల్లప్ప గొంతు సవరించుకున్నాడు. “మాంచి పిట్టలా?”

“ఒక పిట్ట ఉండాది మామా, దాని పిల్లకి రెక్కలమీద గోళ్ళు ఉంటాయి. లోకంలో ఇంగ యాడా లేదు, ఆ పక్క అడవుల్లోనే. దగ్గరికి పోతే పేడ వాసన వస్తాది.”

“పేడ వాసనకి ఇమానం ఎక్కి పోవాల్నా? లక్కూరులో మా తమ్ముని ఆవుల కొట్టం ఉండాదే.”

నరసింహప్ప కిసుక్కున నవ్వి, నవ్వింది తానొక్కడేనని చూసి మూతి తుడుచుకున్నాడు.

“ఇమానానికి అంత డబ్బు యాడిదప్పా?” అని అడిగింది ఆగ్నెస్.

ఇదీ చెప్పాల్సిందే. నేత్ర వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. మోహన్ ఆమె వైపు చూడకుండా చెప్పాడు.

“డబ్బు కాదు ఆంటీ. లాయల్టీ పాయింట్లు. కార్డు గీకినప్పుడల్లా బ్యాంకు ఇస్తాది. మీ అందరికీ గీకినాను కదా. అవన్నీ నా పేరు మీద పడినాయి. వాటికే టికెట్టు ఇచ్చినారు.”

“అంటే మా ఫ్రిజ్జుకి?” అన్నాడు నరసింహప్ప.

“ఊఁ.”

“మా మనవరాలి ఫీజుకి?” అన్నాడు పిల్లప్ప.

“ఊఁ.”

ఆగ్నెస్ అడగలేదు. చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టింది. మళ్ళీ విప్పింది.

“అమోసు ఆస్పత్రికి గూడా ఇచ్చినారా?”

“దానికే ఎక్కువ ఇచ్చినారు ఆంటీ.”

“పోనీలే.” ఆమె రుమాలు జాకెట్లో దోపుకుంది. “పాపం, ఆయన ఎప్పుడూ ఇమానం ఎక్కలేదు. ఈ రకంగా ఎక్కినాడు.”

కోపంగా అని ఉంటే మోహన్ తట్టుకునేవాడు. ఆమె నిజంగానే అంది.

మునిలక్ష్మమ్మ ఇంకా కొడుకు మొహంలోకే చూస్తోంది. ఎంత వినబడిందో, ఎంత మొహంలో చదువుకుందో తెలియదు.

“పిట్టలు చూసేదానికి పోతావు.”

“ఊఁ అమ్మా.”

“ఆ దేశంలో కాకి ఉండాదా?”

ఉంది అంటే సరిపోయేది. వారమంతా అబద్ధంతో కాపురం చేసినవాడికి ఇంకొక్క కాకి బరువు కాదు. కానీ పిట్టల విషయంలో మోహన్ ఎప్పుడూ ఎవరితోనూ అబద్ధమాడలేదు. అతనికి మిగిలిన నిజాయితీ అంతా అక్కడే ఉంది.

“లేదమ్మా. రకరకాల పిట్టలుండాయి. ఆ ఖండం అంతట్లో కాకి మాత్రం లేదు.”

ఆమె తల నెమ్మదిగా పైకీ కిందకీ ఆడింది.

“కాకి ముట్టని ఇంటోడికి కాకి లేని దేశం. బాగనే కుదిరింది.”

చిన్నవెంకటమ్మ బియ్యం కుప్ప వైపు చెయ్యి చాపింది. పిల్లప్ప ఆ చేతిని మధ్యలోనే పట్టుకున్నాడు.

“తీసుకోకూడదు. తీసుకుందామన్నా, నీ గుప్పెడు ఏదని ఏరతావు?”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. మోహన్ ఆ కుప్పని చూశాడు. ఏ గింజ సొన్నమ్మదో, ఏ గింజ అమోసుదో, ఏది పేరు లేని పిల్లవాడిదో. అతని ఫోన్లో ఉన్న కుప్ప కూడా ఇలాంటిదే. కాకపోతే దాన్ని పోసినవాళ్ళకి పోసినట్టు తెలియదు.

“ఇప్పుడు ఈ బియ్యం ఏం చేసేది?” అన్నాడు నరసింహప్ప.

మునిలక్ష్మమ్మ తలగుడ్డ నాలుగు కొసలూ దగ్గరికి తెచ్చి ముడి వేసింది. బిగుసుకుందో లేదో లాగి చూసింది.

“పిల్లప్పా, గయకి రైలు యాడ ఎక్కాల?”

“బెంగుళూరు పోవాల్నేమో. ఎవరికి?”

“నాకే.”

“నీకా? నీకు చెవులు...”

“చెవులతో నడస్తానా? కాళ్ళు ఉండాయి.”

“ఆడమనిషి పిండం పెడితే వాళ్ళు ఒప్పుకుంటారో లేదో మునిలక్ష్మమ్మా.”

“మొగోడు పిట్టల్ని చూసేదానికి పోయినాడని చెప్తాను. ఒప్పుకోకపోతే అప్పుడు చూద్దాం.”

“అమ్మా,” అన్నాడు మోహన్. ఎడమ పక్కనుంచే అన్నాడు. ఆమెకి వినబడలేదు.

“నేను వస్తానక్కా తోడు,” అంది ఆగ్నెస్. వంగి మూట ఎత్తి చంకన పెట్టుకుంది, పసిపిల్లని ఎత్తుకున్నట్టు.

“ఫాదరు?”

“వచ్చినాక చెప్తాను. తిట్టేదేదో ఒక్కసారే తిడతాడు.”

“ఎప్పుడు పోదామంటావు?”

“నువ్వు చెప్పక్కా.”

“బేస్తవారం. ఇంట్లో ప్రయాణానికి ఆ పొద్దే బాగుండాదని పెట్టుకున్నారు కదా.”

నేత్ర గుమ్మంలోంచి ఒక అడుగు ముందుకి వేసింది. ఏదో అనబోయి, మొగుడి వైపు చూసి ఆగింది. ఇప్పుడు మాట్లాడాల్సింది తను కాదు.

మునిలక్ష్మమ్మ గోడ పట్టుకుని లేచింది. మెట్టుమీద ఎండుతున్న బూట్లని ఒక పక్కకి జరిపింది, తడి ఇంకా ఆరలేదన్నట్టు. తర్వాత కొడుకు ఎదురుగా వచ్చి నిలబడి అరచెయ్యి చాపింది.

“టోకెను ఇయ్యి.”

లైనంతా చూస్తోంది. మోహన్ కుడిచెయ్యి గుప్పిట మూసే ఉంది. ఇత్తడి బిళ్ళ లోపల చెమటకి తడిసిపోయింది. ఇచ్చేస్తే, పార్ట్‌టైము చెవితో ఆమె గురువారం రైలెక్కుతుంది, అతను విమానమెక్కుతాడు. ఇవ్వకపోతే అది అతను పుచ్చుకున్నట్టే. పుచ్చుకున్నవాడే గయకి పోయి తిరిగి ఇచ్చి రావాలి.

కిటికీ అవతల టోకెన్లు తీసుకునే గుమాస్తాలా మునిలక్ష్మమ్మ చెయ్యి చాపి నిలబడింది. షిఫ్టు దిగినవాళ్ళు ఎంతసేపటికైనా వచ్చి ఇచ్చి పోవాల్సిందే కదా అన్నట్టు, ఏ తొందరా లేకుండా.

మోహన్ గుప్పిట విప్పలేదు.